మొదటి జీతం మొక్కుకున్నాను, ఇవ్వలేకపోయాను

ప్రశ్న: అక్కగారికి వందనాలు. మాది తెనాలి దగ్గర పల్లె. ఇంట్లో మిషను కుట్టుకుంటాను. మావారు ట్రాక్టరు డ్రైవరు. బాబుకి డిగ్రీ అయ్యాక రెండేళ్లు ఉద్యోగం రాలేదు. కిందటేడు శుక్రవారం ఉపవాస ప్రార్థనలో అందరి ముందూ లేచి, "బాబుకి ఉద్యోగం వస్తే మొదటి నెల జీతం మొత్తం దేవుడి మందిరానికి ఇస్తాను" అని మొక్కుకున్నాను. హైదరాబాదులో ఉద్యోగం వచ్చింది, జీతం 18,000. మొదటి జీతం చేతికి రాగానే హాస్టలు అడ్వాన్సుకీ, వాడి చదువుకి తెచ్చిన అప్పు వడ్డీకీ సరిపోయింది. "ముందు అప్పు సంగతి చూడు" అన్నారు మావారు. ఐదు నెలలైంది. పోయిన నెల బాబు బండి మీద నుంచి పడి చెయ్యి విరిగింది. ఎవరో ఆటో అతను ఆసుపత్రికి తీసుకెళ్లాడట. మేం వెళ్లేసరికి తెల్లారింది, అప్పటిదాకా అక్కడే కూర్చున్నాడు. మా సంఘంలో ఒకామె "మొక్కుబడి ఎగ్గొడితే దేవుడు ఊరుకుంటాడా" అంది. ఆ మాట విన్నప్పటి నుంచి నాకు నిద్ర లేదు. కానుక సంచి మా వరసలోకి వస్తుంటే తల వంచుకుంటున్నాను. సాక్ష్యం చెప్పమంటే లేవలేను. ఉద్యోగం వచ్చినందుకు స్తోత్రం చెబుదామన్నా నోరు రావడం లేదు. దేవుడికి నా మీద కోపమా? ఇప్పుడు నేనేం చెయ్యాలి? — ఒక సహోదరి

సమాధానం:

చెల్లెమ్మా, వందనాలు.

ముందు మీ నిద్ర చెడగొట్టిన ఆ మాట సంగతి చూద్దాం. మిగతావి నెమ్మదిగా మాట్లాడుకోవచ్చు.

బాబు చెయ్యి మీ మొక్కు వల్ల విరగలేదు. ఈ మాట నేను మిమ్మల్ని ఓదార్చడానికి అనడం లేదు. యేసు ప్రభువు రోజుల్లో సిలోయములో గోపురం కూలి 18 మంది చనిపోయారు. వాళ్లు ఏదో చేసుంటారు, అందుకే అలా అయిందని జనం చెప్పుకున్నారు. యెరూషలేములో ఉన్నవాళ్లందరికంటే వాళ్లు అపరాధులనుకుంటున్నారా, కారు అని ప్రభువు ఖండితంగా చెప్పాడు. లూకా 13లో ఉంది, మీరే తీసి చదవండి. పుట్టుగుడ్డివాణ్ణి చూపించి "ఎవరి పాపం, వీడిదా, కన్నవాళ్లదా?" అని అడిగింది బయటివాళ్లు కూడా కాదు, ఆయన శిష్యులే. "వీడైనను వీని కన్నవారైనను పాపము చేయలేదు" అన్నాడాయన. కష్టంలో ఉన్న ఇంటికి వెళ్లి కారణం వెతికే అలవాటు మన సంఘాల్లో చాలా ఉంది. అన్నం గిన్నె పట్టుకెళ్లాల్సిన చోటికి తీర్పు పట్టుకెళ్తాం. ఆమె మీద కోపం పెట్టుకోకండి, ఆమెకీ ఎవరో అలాగే నేర్పి ఉంటారు. కానీ ఆ మాటని మీ ఇంట్లో మాత్రం ఉండనివ్వకండి. ముఖ్యంగా బాబు చెవిన పడనివ్వకండి. తన ఒంటికి తగిలిన దెబ్బకి అమ్మ ప్రార్థనే కారణమని ఒక్కసారి నమ్మితే, ఆ కుర్రాడు మళ్లీ ప్రార్థనకి దగ్గరగా రాడు.

ఇక మొక్కు సంగతి. "అదేం పరవాలేదు, దేవుడు పట్టించుకోడు, మర్చిపోండి" అని నేను రాయలేను. "నీవు మ్రొక్కుకొని చెల్లింపకుండుటకంటె మ్రొక్కుకొనకుండుటయే మేలు" అని ప్రసంగి గ్రంథంలో ఉంది. దేవుడితో అన్న మాట మాటే. ఆ మాట మిమ్మల్ని లోపల గుచ్చుతోందంటే మీకు దేవుడి భయం ఉన్నట్టే, అందుకు నాకు సంతోషంగానే ఉంది. అయితే ఒక్కటి అడుగుతాను, నొచ్చుకోకండి. ఆ జీతం ఎవరిది?

పొద్దున్నే బస్సెక్కి వెళ్లి, సాయంత్రందాకా పనిచేసి సంపాదించింది మీ అబ్బాయి. మొక్కుకుంది మీరు. ఆ శుక్రవారం అక్కడ వాడు లేడు. మీవారిని కూడా అడిగి మొక్కుకున్నట్టు మీరు రాయలేదు. తల్లి మనసు, రెండేళ్లు ఖాళీగా ఇంట్లో కూర్చున్న కొడుకు మొహం చూసి చూసి, ఆ క్షణాన చేతిలో ఉన్నదీ లేనిదీ అన్నీ దేవుడి ముందు పెట్టేసింది. నాకర్థమవుతుంది. కానీ మీది కానిది మొక్కుకున్నారు చెల్లెమ్మా. చెల్లించలేకపోవడానికి అసలు ముడి అక్కడ పడింది. మీ భక్తిలో లోపం ఉండి కాదు.

బైబిల్లో బిడ్డలు లేక ఏడ్చిన హన్నా కూడా, పుట్టబోయే కొడుకునే మొక్కుకుంది కదా అంటారేమో. నిజమే. కానీ ఆ మాట ఆమె భర్త ఎల్కానాకి తెలుసు. "నీ దృష్టికి ఏది మంచిదో అది చేయుము" అని ఒప్పుకున్నాడు. పిల్లవాణ్ణి షిలోహులోని మందిరానికి తీసుకెళ్లిన రోజున మొక్కు తీరిపోయింది. ఆ తర్వాతి సంగతి మీలాంటి కుట్టుపని మనిషి తప్పక చదవాలి. హన్నా ఏటేటా ఒక చిన్న అంగీ కుట్టి, బలి అర్పించడానికి వెళ్లినప్పుడు ఆ కొడుకు సమూయేలుకి తీసుకెళ్లేది. ఎదిగే పిల్లాడు. ఏడాదికి భుజాలెంత పెరిగుంటాయో, చేతులెంత పొడవు పెట్టాలో ఇంటి దగ్గరే కళ్లు మూసుకుని కొలత వేసుకుని కుట్టి ఉంటుంది. మొక్కులో అంగీ లేదు. కుట్టమని యాజకుడు ఏలీ అడగలేదు, కుట్టకపోతే ఏమవుతుందోనన్న భయమూ ఆమెకి లేదు. మొక్కు ఒకసారికే చెల్లిపోయింది, అంగీ మాత్రం ఏటా వస్తూనే ఉంది. మీరు ఈ ఐదు నెలల్లో పోగొట్టుకుంది ఆ అంగీని, 18,000 కాదు. మొక్కు దగ్గరే ఆగిపోయి స్తోత్రం దాకా రాలేకపోయారు.

మన తెలుగులో మేలు చేసినవాళ్లతో "మీ రుణం తీర్చుకోలేను" అంటాం. అలా అన్నాక ఎదుటి మనిషి చీటీ తీసి లెక్క రాసుకోడు, నవ్వి ఊరుకుంటాడు. తీరదని ఇద్దరికీ తెలుసు, తీర్చమని ఎవరూ అడగరు, ఆ బంధం అలా మిగలడమే ఇద్దరికీ ఇష్టం. దేవుడి దగ్గరికి వచ్చేసరికి ఎందుకో ఆ మాటని అక్షరాలా పట్టుకుని, తీర్చకపోతే వడ్డీ వేస్తాడనుకుంటాం. అసలు కృతజ్ఞత అనే మాటని విప్పి చూస్తే అందులో అప్పు ఊసే లేదు. కృతం అంటే చేసినది, జ్ఞ అంటే తెలిసిన మనిషి. మనకోసం ఏం జరిగిందో ఎరిగి ఉండడం, అంతే. ఆ ఎరుకని చంపుకున్నవాడిని కృతఘ్నుడన్నారు, డబ్బు కట్టనివాడిని అనలేదు.

కీర్తనల్లో 116వది ఇవాళ రాత్రి చదవండి. "యెహోవా నాకు చేసిన ఉపకారములన్నిటికి నేనాయనకు ఏమి చెల్లించుదును?" అని కీర్తనకారుడు అడుగుతాడు. మీ ప్రశ్నే అది. వెంటనే వచ్చే జవాబు చూడండి. "రక్షణపాత్రను చేత పుచ్చుకొని యెహోవా నామమున ప్రార్థన చేసెదను." ఏమివ్వను అని అడిగినవాడు చెయ్యి చాపి ఇంకో గిన్నె పుచ్చుకుంటున్నాడు! మొక్కుబళ్లు చెల్లిస్తాననే మాట ఆ తర్వాతి వచనంలో వస్తుంది. ఈ వరసని నేను చాలా ఏళ్లు గమనించలేదు. ముందు పుచ్చుకోవడం, పేరు పెట్టి పిలవడం, తర్వాతే చెల్లింపు. 50వ కీర్తనలోనయితే దేవుడే అంటున్నాడు, "నేను ఆకలిగొనినను నీతో చెప్పను" అని. లోకమంతా ఆయనదే అయినప్పుడు, మీ ఇంటి 18,000 రాలేదని ఆయన ఇంట్లో పొయ్యి ఆగదు.

పదిమంది కుష్ఠరోగుల కథ మీకు కంఠతా వచ్చి ఉంటుంది. దాంట్లో ఒక సంగతి చెప్తాను. "మీరు వెళ్లి, మిమ్మును యాజకులకు కనుపరచుకొనుడి" అన్నాడు ప్రభువు. వెళ్లాక యాజకుడి దగ్గర ఏం జరగాలో లేవీయకాండం 14లో వివరంగా ఉంది. మొదటి రోజు రెండు పక్షులు, దేవదారు కర్ర, ఎర్రనూలు, హిస్సోపు కొమ్మ. ఏడు రోజులు ఆగాలి. ఎనిమిదో రోజున నిర్దోషమైన రెండు మగ గొర్రెపిల్లలు, ఏడాది ఆడ గొర్రెపిల్ల, నూనె కలిపిన పిండి. ఊరి బయట బతికిన మనుషులకి అదెంత ఖర్చో ఆలోచించండి. ఆ తొమ్మిదిమంది చెడ్డవాళ్లని నేననుకోను. వాళ్లు చెప్పిన దారినే, చెల్లించాల్సింది చెల్లించడానికే వెళ్తున్నారు. ఒక్కడు మాత్రం తన చర్మం బాగైందని చూసుకుని, దారి మధ్యలో వెనక్కి తిరిగాడు. "గొప్ప శబ్దముతో" అని రాశాడు లూకా. వాడి చేతిలో గొర్రె లేదు, పక్షి లేదు, కవరు లేదు. పాదాల దగ్గర పడ్డాడు. అంతే తెచ్చాడు. దానికే ప్రభువు సంతోషపడ్డాడు, మిగతా తొమ్మిదిమంది ఎక్కడ అని అడిగింది కూడా దీని గురించే.

అదే 14వ అధ్యాయంలో ఇంకో మాట ఉంది. బీదవాడు అంత తేలేకపోతే ఒక్క గొర్రెపిల్ల, రెండు గువ్వలు చాలు. ధర్మశాస్త్రంలో ఇలాంటి సందులు చాలాచోట్ల కనిపిస్తాయి. మొక్కుకున్న వెల కట్టలేనివాణ్ణి యాజకుడి దగ్గరికి తీసుకెళ్తే, వాడి శక్తిని బట్టి యాజకుడు వెల తగ్గించి నిర్ణయించాలని లేవీయకాండం 27లో రాసి ఉంది. మరియ యోసేపులు పసివాడైన యేసుని దేవాలయానికి తీసుకొచ్చిన రోజున గువ్వల జత తెచ్చారు. గొర్రెపిల్లకి శక్తి లేని ఇల్లు తేవాల్సింది అదే. ఎత్తుకున్న చేతుల్లో లోకరక్షకుడున్నాడు, కానుక మాత్రం బీదల కానుక. తండ్రి దాన్ని వెనక్కి పంపలేదు కదా.

మా అమ్మ సంగతి చెప్తాను. మాది ఖమ్మం వైపు, దోర్నకల్ అధ్యక్ష మండలం. 1912లో అక్కడ బిషప్పైన అజరయ్య గారు, ఆంగ్లికన్ సంఘంలో మొట్టమొదటి భారతీయ బిషప్పు, కూలికి పోయే పేద విశ్వాసులకి కూడా ఇవ్వడం నేర్పారు. ఆయన పోయి ఎన్నో ఏళ్లయినా మా పల్లెల్లో ఆ అలవాటు మిగిలింది. మా పొయ్యి పక్కన గోడకి ఆనించి చిన్న కుండ ఒకటుండేది, మూత పగిలిపోతే దాని మీద కొబ్బరిచిప్ప బోర్లించేది అమ్మ. పూటకి సరిపడా బియ్యం కొలిచి, కడిగే ముందు ఒక పిడికెడు వెనక్కి తీసి ఆ కుండలో వేసేది. నూకలు తెచ్చుకున్న రోజున నూకలే వేసేది. వేస్తూ "స్తోత్రం తండ్రీ" అనేది, ఎవరికీ వినపడనంత మెల్లగా. ఆదివారం ఆ బియ్యం గుడికి పోయేవి. నాకప్పుడు ఎనిమిదేళ్లుంటాయి. ఆ పూట మాకు గంజే ఎక్కువ, మెతుకులు తక్కువ. "మనకే చాలవు కదే, మళ్లీ దేనికి తీస్తవ్?" అన్నాను. అమ్మ కోప్పడలేదు. "తియ్యకపోతే ఈ గింజలు నేనే తెచ్చిన్ననుకుంట బిడ్డా" అంది, చెయ్యి దులుపుకుంటూ.

నలభై ఏళ్లు బడిలో పాఠాలు చెప్పాను, ఎన్నో ప్రసంగాలు విన్నాను. ఆ పొయ్యి దగ్గర విన్నంత సూటిగా ఇంకెక్కడా వినలేదు. అమ్మ ఎప్పుడూ పెద్ద మొత్తం ఇవ్వలేదు, అంత ఆమె చేతికి ఎన్నడూ రాలేదు. ఆ పిడికెడు తీసేటప్పుడు ఆమె మొహంలో భయం మాత్రం నేను చూడలేదు.

మీరేం చెయ్యాలో అడిగారు కనక నాకు తోచింది చెప్తాను. ముందు మీ సంఘ కాపరి అయ్యగారి దగ్గరికి ఒక్కరే వెళ్లండి, వీలైతే మీవారితో కలిసి వెళ్లండి. "అందరి ముందూ మొక్కుకున్నాను, తొందరపడ్డాను, నాది కానిది మొక్కుకున్నాను, నా కుట్టుకూలిలోంచి నాకు చేతనైనంత ఇస్తాను" అని ఉన్నదున్నట్టు చెప్పండి. నెలకి రెండు జాకెట్ల కూలి తీసి పెడతారో, ఒక్క జాకెట్టుదే పెడతారో మీరే నిర్ణయించుకోండి. "శక్తికి మించి కాదు గాని కలిమి కొలదియే" అని పౌలు కొరింథీయులకి రాశాడు. మందిరం పని చేస్తున్న అయ్యగారికి ఈ మాట నేను గుర్తు చెయ్యాల్సిన అవసరం ఉండదు. ఒకవేళ ఆయన మొత్తం ఒకేసారి కట్టాలని పట్టుబడితే, లేవీయకాండం 27వ అధ్యాయం 8వ వచనం ఆయన ముందు పెట్టండి, వినయంగానే.

అప్పు చేసి మాత్రం కట్టకండి. మీరు కడుతున్న వడ్డీ అప్పు తీరడం కూడా దేవుడికి ఇష్టమైన పనే. మీవారు "ముందు అప్పు సంగతి చూడు" అన్నందుకు ఆయన్ని అవిశ్వాసి కింద జమకట్టకండి. ఎవరికీ ఏమీ అచ్చి ఉండవద్దని, అంటే బాకీ ఉండవద్దని, రోమా పత్రికలోనే ఉంది. ఆ విషయంలో ఆయన వాక్యం పక్షానే ఉన్నారు, ఆ సంగతి ఆయనతో చెప్పండి కూడా. ఇంట్లో ఈ ఐదు నెలల్లో మీ ఇద్దరి మధ్యా ఎన్ని మాటలు ఆగిపోయాయో నాకు తెలీదు గానీ, ఆ ఒక్క మాటతో కొన్ని కదులుతాయి.

బాబుని అడగండి, బలవంతం చెయ్యకండి. "నేనిలా మొక్కుకున్నానురా, నిన్నడగకుండా మొక్కుకోవడం నాదే తప్పు" అని చెప్పండి. తల్లి నోట ఆ మాట విన్న పిల్లలు చాలామంది తమంతట తామే జేబులో చెయ్యి పెడతారు. పెట్టకపోయినా సరే, దానికి వాడు దేవుడితో తన లెక్క తాను చూసుకుంటాడు. సణుగుతూ ఇచ్చింది ఎంతయినా దేవుడికి రుచించదు.

ఇవన్నీ అయ్యేదాకా స్తోత్రం చెప్పడం ఆపొద్దు. ఇది మరీ ముఖ్యం. లేవీయకాండం 7లో ఒక చిన్న తేడా ఉంది, చూడండి. మొక్కుబడి బలి మాంసం మర్నాటికి మిగిలినా తినొచ్చు. కృతజ్ఞతార్పణ మాంసం మాత్రం ఆ రోజే తినేయాలి, తెల్లారేదాకా ఏమీ మిగల్చకూడదు. ఒక్క ఇంటివాళ్లు ఒక్కరోజులో ఒక జంతువుని తినగలరా? పక్కింటివాళ్లని పిలవాలి, మందిర సేవ చేసే లేవీయుణ్ణి పిలవాలి, దారిన పోయేవాణ్ణి కూడా కూర్చోబెట్టాలి. స్తోత్రాన్ని దాచుకోకుండా దేవుడే అలా ఏర్పాటు చేశాడని నాకనిపిస్తుంది. మీరు మొక్కుబడి తీరాకే స్తోత్రం చెప్పాలనుకుని ఐదు నెలలు దాచారు. నెలనెలా తీరుస్తూ పోతే అది ఇంకో ఏడాది పట్టొచ్చు. స్తోత్రం అన్నాళ్లు ఆగకూడదు.

అలాగని కృతజ్ఞత కూడిక పేరుతో షామియానా, ఫ్లెక్సీ, బిర్యానీ అని ఇల్లు గుల్ల చేసుకోకండి. అప్పు తెచ్చి కృతజ్ఞత కూడిక పెట్టిన ఇళ్లు నేను చూశాను, మర్నాడు ఆ ఇల్లాలి మొహమూ చూశాను. మీ కుట్టుమిషను ఉన్న గదిలోనే నలుగురు ఆడవాళ్లని కూర్చోబెట్టుకుని, టీ ఇచ్చి, "మావాడికి ఉద్యోగం వచ్చింది, దేవుడిచ్చాడు" అని చెప్పి ప్రార్థించండి. ఆ మాట అన్నామెని కూడా పిలవండి. బాబు చెయ్యి నొప్పి సంగతీ, మీరు రాత్రులు నిద్రపోని సంగతీ కూడా ఆ ప్రార్థనలో పెట్టండి. అన్నీ బావున్నాయని నటించనక్కర్లేదు. స్నేహితుడు లాజరు సమాధి దగ్గర మన ప్రభువు ముందు కన్నీళ్లు విడిచాడు, ఆ తడి ఆరకముందే పైకి చూసి తండ్రికి కృతజ్ఞతాస్తుతులు చెల్లించాడు. అప్పగింపబడిన రాత్రే రొట్టె పట్టుకుని కృతజ్ఞతాస్తుతులు చెల్లించాడు. ఏడుపూ స్తోత్రమూ ఒకే నోట రావచ్చు. "ప్రతి విషయమునందును" అని పౌలు రాసింది ఈ బతుకు బతుకుతూనే రాశాడు. విరిగిన చెయ్యిని మంచిదని పొగడమని నేను ఆ మాటకి అర్థం చెప్పను. ఆ చెయ్యి విరిగిన రోజున కూడా దేవుడు ఎక్కడున్నాడో వెతుక్కోమని చెప్తాను.

ఆ రోజున ఎక్కడున్నాడో మీ ఉత్తరంలో మీరే రాశారు. ఒక్క వాక్యంలో రాసి దాటేశారు. తెలీని ఊళ్లో, రోడ్డు మీద పడిపోయిన మీ బిడ్డని ఎవరో ఆటో అతను ఎక్కించుకుని ఆసుపత్రికి తీసుకెళ్లాడు. తెనాలి నుంచి మీరు వెళ్లేదాకా, ఆ రాత్రి కిరాయి అంతా పోగొట్టుకుని, ఆసుపత్రి బల్ల మీద కూర్చున్నాడు. ఆయనది మన విశ్వాసమో కాదో తెలీదు. ప్రభువు చెప్పిన కథలో గాయపడినవాణ్ణి పూటకూళ్ల ఇంటికి తీసుకెళ్లినవాడు యూదులు పరాయివాడిగా చూసిన సమరయుడు, తిరిగొచ్చి పాదాల మీద పడ్డవాడూ సమరయుడే.

ఆయనకి ఫోను చేశారా? ఆ రాత్రి మీకు కబురు చెప్పింది ఆయనే అయితే నంబరు మీ ఫోనులోనే ఉంటుంది, లేకపోతే బాబు దగ్గర దొరుకుతుంది. ఈ ఉత్తరం చదవడం అయ్యాక చెయ్యండి. ఏ ఊరు, ఇంట్లో ఎవరెవరున్నారు, పిల్లలేం చదువుతున్నారు, అడగండి. ఆడపిల్లుంటే వయసు కనుక్కుని, ఈసారి బాబుని చూడటానికి వెళ్లేటప్పుడు ఒక గౌను కుట్టి తీసుకెళ్లండి. కొలతలు లేవంటారా, కళ్లు మూసుకుని కుట్టండి, కాస్త వదులుగా ఉన్నా పిల్ల ఎదిగేది. ఆయన పేరు తెలిస్తే నాకూ రాయండి చెల్లెమ్మా, నా ప్రార్థనలో పెట్టుకుంటాను.